18 తుఫాన్ల అంచనా, ఒక్క పెద్ద హరికేన్ కూడా లేని ఏడాది: 2013 అట్లాంటిక్ సీజన్ కేస్ స్టడీ

2013 డిసెంబర్ మొదటి వారం. నవంబర్ 30తో అట్లాంటిక్ హరికేన్ సీజన్ అధికారికంగా ముగిసింది. అమెరికాలోని మా క్లయింట్ ఏడాది చివరి సమీక్ష కోసం కాల్ పెట్టారు. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదిన్నర. మా టీమ్‌లో నలుగురం ఒకే స్పీకర్‌ఫోన్ చుట్టూ కూర్చున్నాం. అవతల వాళ్ల ఫైనాన్స్ అధిపతి, మే నెలలో మేం పంపిన నివేదిక తెరిచి మొదటి పేజీలోని వాక్యాన్ని నెమ్మదిగా చదివారు. "ఈ ఏడాది సగటుకన్నా చాలా చురుకైన సీజన్ వస్తుందన్న అంచనాల దృష్ట్యా, పై పొర రీఇన్సూరెన్స్ తీసుకోవాలని సిఫార్సు చేస్తున్నాం."

చదవడం అయ్యాక అడిగారు: "ఆ సీజన్ రాలేదు కదా. మరి ఆ పొర ఎందుకు కొన్నట్టు?"

ఆ ప్రశ్నకు మా దగ్గర మంచి జవాబు ఉంది. కానీ మేమే రాసిన ఆ వాక్యం జవాబుకు అడ్డంపడింది. ఆ రాత్రి ఏం చెప్పినా సాకులా వినిపించింది. ఈ కేసు రాయడానికి కారణం ఆ వాక్యమే. విపత్తు నష్టాల అంచనా పనిలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్లు, మేం ఎక్కడ తప్పామో వివరంగా చూడాలని నా కోరిక.

క్లయింట్, పని

ఫ్లోరిడాలోనూ గల్ఫ్ తీరంలోనూ ఇళ్లకు బీమా ఇచ్చే మధ్యస్థాయి కంపెనీ అది. పేరు ఇక్కడ అవసరం లేదు. ఇలాంటి కంపెనీ తాను తీసుకున్న రిస్కులో కొంత భాగాన్ని మళ్లీ వేరే కంపెనీల దగ్గర బీమా చేయించుకుంటుంది. అదే రీఇన్సూరెన్స్. దాన్ని పొరలు పొరలుగా కొంటారు. చిన్న నష్టం కంపెనీయే భరిస్తుంది. అంతకు మించితే మొదటి పొర, ఇంకా మించితే రెండో పొర, అలా పైకి పోతాయి. అన్నిటికన్నా పైనున్న పొర చాలా ఏళ్లపాటు ముట్టుకోకుండానే పోతుంది. ఎప్పుడో ఒక్క రాత్రిలో పెద్ద హరికేన్ పెద్ద ఊరి మీద పడితే తప్ప అది పనిలోకి రాదు. అది లేకుండా ఆ రాత్రి వస్తే కంపెనీ ఉండదు.

ఫ్లోరిడా ఒప్పందాల్లో చాలావరకు జూన్ 1న కొత్తవవుతాయి. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మాకు ఊపిరాడదు. ఇళ్ల జాబితా తీసుకుని, ప్రతి ఇల్లు సముద్రానికి ఎంత దూరం, ఎప్పుడు కట్టారు, పైకప్పు ఏ రకం అని సరిచూసి, మోడల్లో వేల ఏళ్ల కల్పిత తుఫాన్లను ఆ ఇళ్ల మీదుగా నడిపించి, ఏ స్థాయి నష్టం ఎంత అరుదుగా వస్తుందో లెక్కతీస్తాం. ఆ లెక్కే మా అసలు పని. సీజన్ అంచనా అందులో భాగం కాదు. దాన్ని అందులోకి తెచ్చింది మేమే.

ఏప్రిల్‌లో ఏం కనిపించింది

ఆ వసంతంలో అందరిలోనూ టెన్షన్ ఉంది. 2010, 2011, 2012 మూడేళ్లూ వరుసగా 19 చొప్పున పేరు పెట్టిన తుఫాన్లు వచ్చాయి. అప్పటికి సగటు 12. 2012 అక్టోబర్ చివర్లో సాండీ న్యూజెర్సీ, న్యూయార్క్ తీరాల్ని ముంచిన దృశ్యాలు ఎవరి మనసులోంచీ పోలేదు.

ఏప్రిల్‌లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ బృందం అంచనా వచ్చింది. 1984 నుంచి సీజన్ అంచనాలు ఇస్తున్న బృందం అది. విలియం గ్రే మొదలుపెట్టిన పనిని అప్పటికే ఫిల్ క్లాట్జ్‌బాక్ నడిపిస్తున్నారు. పేరు పెట్టిన తుఫాన్లు 18, వాటిలో మరింత బలపడి హరికేన్లయ్యేవి 9, వాటిలో పెద్ద హరికేన్లు 4 అన్నారు. పెద్ద హరికేన్ అంటే గాలి వేగం గంటకు 178 కిలోమీటర్లు, ఆపైన. అలాంటిది ఒక్కటైనా అమెరికా తీరాన్ని తాకే అవకాశం దీర్ఘకాల సగటున 52 శాతం, ఈ ఏడాది 72 శాతం అని కూడా ఇచ్చారు. మే నెలలో అమెరికా వాతావరణ సంస్థ నోవా 13 నుంచి 20 తుఫాన్లు, 7 నుంచి 11 హరికేన్లు, 3 నుంచి 6 పెద్ద హరికేన్లు అని చెప్పింది.

వాళ్ల వాదనలో లోపం కనిపించలేదు. అట్లాంటిక్ ఉష్ణమండల జలాలు మామూలుకన్నా వెచ్చగా ఉన్నాయి. పసిఫిక్‌లో ఎల్ నినో, అంటే అక్కడి ఉష్ణమండల జలాలు మామూలుకన్నా వేడెక్కడం, వచ్చే సూచన లేదు. ఎల్ నినో ఉంటే అట్లాంటిక్ పైభాగంలో గాలులు బలపడి తుఫాన్ల తలలు నరికేస్తాయి. అది లేదంటే పెద్ద అడ్డంకి లేనట్టే. 1995 నుంచి అట్లాంటిక్ చురుకైన దశలోనే ఉంది. ఇవన్నీ కలిపితే ఎవరైనా అదే మాట అంటారు.

మేం 52 పక్కన 72 పెట్టి, రెండు కడ్డీల గ్రాఫ్ గీసి నివేదిక మొదటి పేజీలో అతికించాం. చూడగానే అర్థమవుతుంది, బోర్డు మీటింగ్‌లో బాగా పనిచేస్తుంది. నిజంగానే పనిచేసింది. నాలుగేళ్లుగా వాయిదా వేస్తున్న పై పొరను వాళ్లు ఆ ఏడాది కొన్నారు. మేం సంతోషించాం. వెనక్కి తిరిగి చూస్తే ఆ గ్రాఫ్ గీసింది నేనే. మోడల్ లెక్కను రెండు వాక్యాల్లో చెప్పడం కష్టం, అంచనాను చెప్పడం తేలిక. తేలికైన దారి పట్టాను.

జూన్ నుంచి ఆగస్టు

మొదలు బాగానే, అంటే చురుగ్గానే ఉంది. జూన్ 6న ఆండ్రియా ఫ్లోరిడా బిగ్ బెండ్ ప్రాంతంలో తీరం దాటింది. గాలి నష్టం పెద్దగా లేదు. ఆ సీజన్ మొత్తంలో అమెరికా తీరాన్ని తాకిన పేరున్న తుఫాను అదొక్కటే అవుతుందని అప్పుడు ఎవరికీ తెలియదు. తర్వాత బ్యారీ మెక్సికోలోని వెరాక్రూజ్ వైపు వెళ్లింది.

జులైలో ఛాంటల్, డోరియన్. ఈ రెంటి దగ్గర కాస్త ఆగాలి. రెండూ ఆఫ్రికాకూ కరేబియన్‌కూ మధ్య, నడిసముద్రంలో, బాగా దక్షిణాన పుట్టాయి. ఆ ప్రాంతం మామూలుగా ఆగస్టు రెండో సగంలో గానీ మేలుకోదు. జులైలోనే అక్కడ తుఫాన్లు పుడితే ఆ ఏడాది గట్టిగా ఉంటుందన్నది పాత రికార్డులు చెప్పే మాట. ఆగస్టులో నోవా తన అంచనాను సవరించినప్పుడు ఈ సంగతిని ప్రత్యేకంగా ఎత్తిచూపింది. సంఖ్య కొంచెం తగ్గించి 13 నుంచి 19 అంది, చురుకైన సీజన్ అన్న మాట మాత్రం మార్చలేదు. కొలరాడో బృందం కూడా 18, 8, 3 దగ్గరే ఉంది.

నాకూ అదే నమ్మకం. కానీ ఛాంటల్ ఎలా చచ్చిపోయిందో చూసి ఉంటే అప్పుడే అనుమానం రావాలి. చాలా వేగంగా పడమరకు పరుగెత్తి, హిస్పానియోలా దీవి దగ్గరికి వచ్చేసరికి చెల్లాచెదురైపోయింది. డోరియన్ పొడిగాలిలో చిక్కి అలాగే వాడిపోయింది. ఆగస్టు మధ్యలో కేప్ వెర్డీ దగ్గర పుట్టిన ఎరిన్ కూడా అంతే. మేం పుట్టుకలు లెక్కపెడుతున్నాం, చావులు చూడలేదు. ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: సీజన్ మొదట్లో వచ్చిన తుఫాన్లు ఎన్ని అన్నదానికన్నా, ఎందుకు నిలబడలేకపోయాయి అన్నది ఎక్కువ చెబుతుంది.

గాలి ఎందుకు ఒప్పుకోలేదు

మన తుఫాన్ల విషయంలోనూ చాలామంది సముద్రం వేడి ఒక్కటే చూస్తారు. నీరు దాదాపు 26.5 డిగ్రీలకు పైన ఉండాలి, నిజమే. కానీ తుఫాను నీటి మీద నడిచే పొయ్యి లాంటిది. కింద ఎంత మంట ఉన్నా పైన తడి లేకపోతే ఆరిపోతుంది. నేల నుంచి నాలుగైదు కిలోమీటర్ల ఎత్తులో గాలి తడిగా ఉండాలి. పైగాలికీ కిందిగాలికీ దిశలోనూ వేగంలోనూ తేడా, అంటే విండ్ షియర్, తక్కువగా ఉండాలి. లేకపోతే మేఘాల గోపురం ఒక పక్కకు ఒరిగిపోయి కేంద్రం బోడిగా మిగులుతుంది.

2013లో అట్లాంటిక్ ఉష్ణమండలం మీద మధ్య ఎత్తులో గాలి పొడిగా ఉండిపోయింది. సహారా మీద నుంచి దుమ్ముతో వచ్చే పొడిగాలి అందులో ఒక భాగం. గల్ఫ్, కరేబియన్, ఉష్ణమండల అట్లాంటిక్ అంతటా గాలి పైకి లేవడానికి బదులు కిందికి దిగుతూ ఉంది. దిగే గాలి వేడెక్కుతుంది, ఆరిపోతుంది, కింద నుంచి లేచే మేఘాన్ని నొక్కేస్తుంది. దానికి తోడు అనేక వారాలు షియర్ కూడా గట్టిగానే ఉంది. ఎల్ నినో లేకుండానే ఇదంతా జరిగింది. ఎల్ నినో లేదు కాబట్టి అడ్డంకి లేదని అనుకున్న మా వాదన అక్కడే కూలింది.

సీజన్ అయ్యాక కొలరాడో బృందం తమ వైఫల్యాన్ని దాచుకోకుండా, పెద్ద తప్పిదమని ఒప్పుకుంటూ విశ్లేషణ రాసింది. శీతాకాలానికీ వసంతానికీ మధ్య అట్లాంటిక్‌లో ఉత్తరానికి వేడినీటిని మోసే ప్రవాహం అకస్మాత్తుగా మందగించిందని, దాంతో ఉపఉష్ణమండల జలాలు చల్లబడి గాలి స్థిరంగా మారిందని వాళ్ల వివరణ. ఆ వివరణ ఎంతవరకు నిలుస్తుందన్నది పరిశోధకులు తేల్చుకోవాల్సిన విషయం. నాకు మాత్రం ఆ నిజాయితీ నచ్చింది. తప్పిన అంచనా మీద అన్ని పేజీలు రాసే ఓపిక మా వృత్తిలో చాలా తక్కువ.

సెప్టెంబర్: మా రిపోర్టులో ఒక్క వరుస

సెప్టెంబర్ 10 అట్లాంటిక్ సీజన్‌కు శిఖరం లాంటి రోజు. ఆ రోజుకు ఒక్క హరికేన్ కూడా లేదు. మర్నాడు, సెప్టెంబర్ 11న, కేప్ వెర్డీ దీవుల దగ్గర హంబర్టో ఆ ఏడాది మొదటి హరికేన్ అయింది. ఉపగ్రహాలు వచ్చాక మొదటి హరికేన్ అంత ఆలస్యంగా వచ్చిన రికార్డు 2002లో గుస్తావ్‌ది, అదీ సెప్టెంబర్ 11నే. హంబర్టో కొన్ని గంటల తేడాతో ఆ రికార్డు తప్పించుకుంది. అది నేలను తాకలేదు. ఆఫీసులో అందరూ ఆ గంటల లెక్కతో హుషారుగా ఉన్నారు.

అదే వారంలో గల్ఫ్ దక్షిణపు మూలన, కాంపేచే అఖాతంలో, ఇంగ్రిడ్ తయారైంది. అదే సమయంలో మెక్సికోకు అవతలి పక్క, పసిఫిక్‌లో, మాన్యుయెల్. సెప్టెంబర్ 15న మాన్యుయెల్ పడమటి తీరాన్ని దాటింది. 16న ఇంగ్రిడ్ తూర్పు తీరాన తమౌలీపాస్ రాష్ట్రంలో లా పెస్కా దగ్గర దాటింది. ఒకే రోజు వ్యవధిలో రెండు సముద్రాల నుంచి రెండు తుఫాన్లు మెక్సికో మీద పడటం 1958 తర్వాత అదే మొదటిసారి. మెక్సికో స్వాతంత్ర్య దినం సెలవులు అవి. అకపుల్కోలో దాదాపు 40,000 మంది పర్యాటకులు చిక్కుకుపోయారు. రాజధానికి వెళ్లే హైవే కొండచరియలతో మూసుకుపోయింది. గెరెరో రాష్ట్రంలోని లా పింటాడా అనే కాఫీ తోటల ఊరి మీద కొండ విరిగిపడి ఆ ఒక్క ఊళ్లోనే 70 మంది దాకా చనిపోయారు. రెండు తుఫాన్లూ కలిపి 150 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అంతకు మూడు వారాల ముందు ఫెర్నాండ్ అనే చిన్న తుఫాను, పుట్టిన కొన్ని గంటల్లోనే వెరాక్రూజ్ దగ్గర తీరం దాటి, కొండచరియల కింద పదిమందికి పైగా ప్రాణాలు తీసింది.

ఆ వారం మా రిపోర్టులో నేను రాసిన వరుస నా దగ్గర ఇప్పటికీ ఉంది: "ఇంగ్రిడ్: క్లయింట్ ఇళ్లపై ప్రభావం లేదు." తప్పేమీ కాదు, వాళ్లకు మెక్సికోలో ఇళ్లు లేవు. కానీ ఏడాది చివర్లో "నిశ్శబ్ద సీజన్" అని శీర్షిక పెట్టింది కూడా నేనే. వెరాక్రూజ్ కొండల్లో ఉండేవాళ్లకు ఆ ఏడాదిని నిశ్శబ్దం అని ఎవరు చెప్పగలరు?

ఇంకొక సంగతి ఇదే పనిలో ఉన్నవాళ్ల కోసం. మెక్సికో ప్రభుత్వానికి 2012లో తీసుకున్న విపత్తు బాండ్ల రక్షణ ఉండేది. ముందే రాసుకున్న స్థాయి విపత్తు వస్తే పెట్టుబడిదారుల డబ్బు ప్రభుత్వానికి దక్కే ఒప్పందాలవి. హరికేన్ల విషయంలో చెల్లింపు, తుఫాను కేంద్రంలో పీడనం ఎంత పడిపోయింది అన్నదాని మీద ఆధారపడి ఉండేది. ఇంగ్రిడ్, మాన్యుయెల్ చేసిన నష్టమంతా వానదీ వరదదీ. పీడనం ఆ స్థాయికి పడలేదు. 2013లో ఆ బాండ్ల నుంచి డబ్బు రాలేదు. 2015లో పట్రీషియా వచ్చాకే మొదటిసారి వచ్చింది. కొలిచేది గాలినే అయితే, వాన చేసిన పని లెక్కలోకి రాదు. మా నివేదికలోని గ్రాఫ్‌ది కూడా అదే జబ్బు. కొలవడం తేలికైనదాన్ని కొలిచి, అసలైనదాని స్థానంలో పెట్టాం.

అక్టోబర్ రెండు వారాలు

అక్టోబర్ 3న యుకటాన్ దగ్గర కారెన్ పుట్టింది. లూసియానా నుంచి ఫ్లోరిడా దాకా హెచ్చరికలు వెళ్లాయి. గల్ఫ్‌లో చమురు వేదికల నుంచి సిబ్బందిని తరలించారు. అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు బడ్జెట్ గొడవతో మూతబడి ఉన్న రోజులవి. విపత్తు సహాయ సంస్థ ఇంటికి పంపిన ఉద్యోగుల్లో కొందరిని దీనికోసమే వెనక్కి పిలిచింది. క్లయింట్ నుంచి మాకు గంటగంటకూ మెయిల్స్. మేం మూడు రాత్రులు నిద్రపోలేదు. కారెన్ గల్ఫ్ మధ్యలోనే షియర్‌కూ పొడిగాలికీ విరిగిపోయి, తీరం చేరకుండానే ముగిసింది.

మరుసటి వారం బంగాళాఖాతంలో ఫైలిన్.

మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట వైపు. అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది. అక్టోబర్ 11న ఫోన్ చేస్తే, "గాలేటీ లేదు కదే. మైకు పట్టుకుని తిరుగుతున్నారు, స్కూల్‌కి వచ్చీమంటున్నారు. నువ్వేటంటావు?" అంది. నేను అమ్మకు బంగాళాఖాతంలో ఈ ఏడాది ఎన్ని తుఫాన్లు వస్తాయన్న సంగతేమీ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. ఇల్లు సముద్రానికి ఇంత దగ్గర, వెనక వసారా మీద రేకులు, పక్కన రెండు పెద్ద కొబ్బరిచెట్లు, కాబట్టి వెళ్లమ్మా అన్నాను. వెళ్లింది. 12వ తేదీ రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశాలో, మన శ్రీకాకుళం తీరంలో కలిపి లక్షల మందిని ముందే తరలించారు. 1999లో ఒడిశాలో దాదాపు 10,000 మందిని తీసుకుపోయిన తుఫానుతో పోల్చదగ్గ తుఫాను ఇది. ఈసారి చావులు పదుల సంఖ్యలోనే ఆగాయి. మా వసారా రేకులు రెండు పోయాయి. చెట్టొకటి ఇంటి మీదికి కాకుండా దొడ్లోకి పడింది.

తిరిగి ఆఫీసుకు వచ్చి మే నెల నివేదిక తెరిచినప్పుడు నాకు మొదటిసారి సిగ్గేసింది. అమ్మకు చెప్పినప్పుడు ఇంటి గురించి మాట్లాడాను. డబ్బిచ్చిన క్లయింట్‌కు సముద్రం గురించి మాట్లాడాను.

నవంబర్‌లో మన తీరానికే మళ్లీ రెండు వచ్చాయి. 22న హెలెన్ మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటింది. ఆ వెంటనే లెహర్. అండమాన్ దాటాక అతి తీవ్ర తుఫానుగా మారింది. అందరం భయపడ్డాం. 28న మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి అది కేవలం వాయుగుండం. ఉపగ్రహ చిత్రాల్లో మేఘాలు ఒలిచేసినట్టు పోతూ ఉంటే, జులైలో ఛాంటల్‌ను చూసినట్టే ఉంది. పొడిగాలి, షియర్ చేసే పని ఏ సముద్రంలోనైనా ఒకటే.

సీజన్ లెక్క

చివరికి తేలింది ఇది. పేరు పెట్టాల్సిన స్థాయి తుఫాన్లు 14. డిసెంబర్ కాల్ నాటికి 13 అనే అనుకున్నాం. ఆ కాల్ జరిగిన వారంలోనే అజోర్స్ దీవులకు దక్షిణంగా ఒక ఉపఉష్ణమండల తుఫాను తిరిగింది. దానికి పేరు పెట్టలేదు, మియామిలోని హరికేన్ కేంద్రం తర్వాతి పరిశీలనలో దాన్ని జాబితాలో చేర్చింది. హరికేన్లు 2, హంబర్టో, ఇంగ్రిడ్. 1982 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. పెద్ద హరికేన్లు సున్నా. 1994 తర్వాత అలాంటి ఏడాది అదే. హరికేన్ల బలాన్ని ఒకటి నుంచి ఐదు దాకా కేటగిరీలుగా లెక్కిస్తారు, రెండో కేటగిరీని అందుకున్నది కూడా ఒక్కటి లేదు. 1968 తర్వాత అది మొదటిసారి.

ఇక్కడ చూడండి. 14 అంటే అప్పటి సగటు 12 కన్నా ఎక్కువ. తుఫాన్లను మాత్రమే లెక్కపెట్టేవాళ్లకు 2013 చురుకైన ఏడాదే. నోవా ఇచ్చిన 13 నుంచి 20లోకి కూడా అది వచ్చేస్తుంది. కానీ ప్రతి ఆరు గంటలకూ తుఫాను గాలి వేగాన్ని వర్గం చేసి కూడుకుంటూ వెళ్లే శక్తి సూచిక ఉంది, దాన్ని ఏస్ అంటారు. ఆ సూచిక 2013లో 36 దగ్గర ఆగింది. అప్పటి లెక్కన మామూలు ఏడాదిలో 92 ఉండేది. అందులో దాదాపు 40 శాతం. ఎన్ని పుట్టాయన్నదీ, పుట్టినవి ఎంతకాలం ఎంత బలంగా బతికాయన్నదీ వేరువేరు లెక్కలని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఏడాది నాకు కనపడలేదు.

ఆ ప్రశ్నకు అప్పుడే చెప్పాల్సిన జవాబు

పై పొర కొనడం సరైన నిర్ణయమే. 18 తుఫాన్లు వస్తాయని మాత్రం కాదు. వాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయో, వాళ్ల మూలధనం ఎంతో చూస్తే, ఒక్క గట్టి హరికేన్ చాలు. ఆ ఒక్కటి నిశ్శబ్ద ఏడాదిలోనూ వస్తుంది.

1992లో మొదటి పేరున్న తుఫాను ఆగస్టు మధ్య దాకా రాలేదు. ఏడాది మొత్తంలో హరికేన్లు 4, పెద్దది ఒక్కటే. ఆ మొదటిదే, ఆ పెద్దదే, ఆండ్రూ. ఆగస్టు 24న మియామికి దక్షిణాన ఐదో కేటగిరీ బలంతో తీరం దాటి ఇరవై ఐదు వందల కోట్ల డాలర్లకు పైగా నష్టం చేసింది. అనేక బీమా కంపెనీలు మూతపడ్డాయి. 1983లో సీజన్ మొత్తానికి నాలుగే పేరున్న తుఫాన్లు. వాటిలో ఒకటైన అలీషియా టెక్సస్‌లో గాల్వెస్టన్ మీద పడి హ్యూస్టన్ అద్దాల భవనాలను పగలగొట్టింది. అదే 2010లో 12 హరికేన్లు వచ్చాయి, ఒక్కటి కూడా హరికేన్ బలంతో అమెరికా తీరాన్ని తాకలేదు.

సముద్రం మొత్తం మీద చురుకుదనానికీ, ఒక ఊరి మీద పడే దెబ్బకూ సంబంధం ఉంది, చాలా పలచనిది. ఒక్క కంపెనీ ఇళ్లకు వచ్చేసరికి ఇంకా పలచబడుతుంది. ఏటా మారే అంచనా మీద ఏటా మారకూడని నిర్ణయాన్ని నిలబెట్టాం. అంచనా కూలింది, దాంతోపాటు నిర్ణయం కూడా తప్పులా కనపడింది. అంచనా నిజమై ఉంటే మాకు మెచ్చుకోలు వచ్చేది. అప్పుడు మా తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు.

2014 వసంతం

నాలుగు నెలల తర్వాత అదే వాక్యం తలకిందులై మా దగ్గరికి తిరిగొచ్చింది. ఎల్ నినో వస్తుందన్న సూచనలతో కొలరాడో బృందం 9 తుఫాన్లు, 3 హరికేన్లు, 1 పెద్ద హరికేన్ అని అంచనా ఇచ్చింది. క్లయింట్ అడిగారు: "నిరుడు చురుకైన సీజన్ అని పొర కొన్నాం. ఈ ఏడాది మెత్తని సీజన్ అంటున్నారు. పొర తీసేయొచ్చు కదా?"

మేం నేర్పిన లెక్క ప్రకారం చూస్తే వాళ్లు అడిగింది న్యాయమే.

ఈసారి నివేదిక మొదటి పేజీని మళ్లీ రాశాం. అందులో సీజన్ అన్న మాట లేదు. ఆండ్రూ 1992లో నడిచిన దారిలోనే ఇవాళ నడిస్తే మీ ఇళ్లలో ఎన్ని ఆ దారిలో ఉన్నాయి, అలీషియా దారిలో ఎన్ని, ఒక్కో దానికీ నష్టం ఎంత, అందులో మీ మూలధనం ఎక్కడ అయిపోతుంది, పై పొర ఎక్కడ మొదలవుతుంది. ఒక మ్యాపు, ఒక పట్టిక. రీఇన్సూరర్ల మార్కెట్‌లోకి కొత్త పెట్టుబడి వచ్చి ధరలు తగ్గుతున్నాయన్న సంగతి రెండో పేజీలో. సీజన్ అంచనా ఏడో పేజీలో, క్లెయిమ్ సిబ్బంది సెలవులూ ఫీల్డు టీముల ఏర్పాట్లూ చూసుకోవడానికి పనికొచ్చే సమాచారంగా.

రెండు కాల్స్, కొంత వాదన. పై పొరలో అన్నిటికన్నా పైనున్న ముక్కను వదులుకుని మిగతాది ఉంచుకున్నారు. నాకు పూర్తి తృప్తి లేదు. కానీ వదులుకున్న ముక్కకు వాళ్లు చెప్పిన కారణం ధర, సీజన్ కాదు. ఆ మార్పు కోసమే ఆ కష్టమంతా.

ఆ ఏడాది జులై 3 రాత్రి ఆర్థర్ రెండో కేటగిరీ హరికేన్‌గా ఉత్తర కరోలినాలో తీరం దాటింది. 2008లో ఐక్ తర్వాత అమెరికాను ఆ బలంతో తాకిన మొదటి హరికేన్ అది. మొత్తం సీజన్‌లో 8 తుఫాన్లే, హరికేన్లు మాత్రం 6. అక్టోబర్ 12న, విశాఖపట్నం మీదికి హుద్‌హుద్ వచ్చిన అదే రోజున, అట్లాంటిక్‌లో ఫే బెర్ముడాను తాకింది. ఐదు రోజులకు గొంజాలో కూడా బెర్ముడా మీదే పడింది. విశాఖలో మావాళ్ల ఫోన్లు పనిచేయక రెండు రోజులు తల్లడిల్లిన వారం అది. గొంజాలో మ్యాపు తెరిచే ఓపిక లేకపోయినా తెరిచాను.

2014 సమీక్షలో మొదటి గడికి "ఎవరిని తాకింది" అని పేరు పెట్టి బెర్ముడా అని రాశాను, పక్కన రెండుసార్లు అని. తర్వాత వెనక్కి వెళ్లి 2013 వరుసలో "నిశ్శబ్దం" అన్న మాట కొట్టేసి వెరాక్రూజ్, తమౌలీపాస్ అని నింపాను.